నాన్న దాటని బోర్డరు

"బోర్డర్‌లో ఉందండీ, అంతే. కంగారు పడాల్సిందేం లేదు" అంది రిపోర్టు చేతికిచ్చిన అమ్మాయి. పరగడుపున 112. మూడు నెలల సగటు అని చెప్పుకునే హెచ్‌బీఏ1సీ 6.1. నేను కంగారు పడలేదు. నిజం చెప్పాలంటే లోపల్లోపల సంబరపడ్డాను కూడా. నలభై ఆరేళ్ళొచ్చాయి, నా ఈడు వాళ్ళలో ఎంతోమంది మాత్రలు మింగుతున్నారు, నాకింకా రాలేదు! ఇంటికొచ్చి చెప్తే మా ఆయన "బోర్డరేగా, తీపి కాస్త తగ్గించు" అన్నారు. రెండు వారాలు తగ్గించాను. తర్వాత ఆ కాగితం సొరుగులో కరెంటు బిల్లుల కిందికి చేరింది, నేను మామూలైపోయాను.

మూడు నెలల తర్వాత దాన్ని మళ్ళీ బయటికి తీయించింది షుగర్ కాదు, నా కుడి భుజం. చెయ్యి పైకి లేవదు, వెనక్కి పోదు, తల దువ్వుకోవడమే గగనమైపోయింది. ఎముకల డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, భుజం ఇలా బిగుసుకుపోవడం షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువ, పరీక్ష ఎప్పుడైనా చేయించారా అని అడిగారు. "చేయించానండీ, లేదు. బోర్డరంతే" అన్నాను ధీమాగా. ఆయన ఏమీ అనలేదు. చీటీ రాసి ఫిజీషియన్ దగ్గరికి పంపారు.

ఆ డాక్టరుగారు నా రిపోర్టు ఒక్కసారి చూసి పక్కన పెట్టేశారు. నేను షుగర్ గురించి చెప్పడానికి సిద్ధమై వెళ్ళాను, ఆవిడేమో ముందు బీపీ పట్టీ తీశారు. రెండు చేతులకీ చూశారు. 142, కింద 90. తర్వాత ప్రశ్నలు. సిగరెట్ అలవాటుందా, నడుస్తారా, నెలసరి ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా గుండెపోటు వచ్చిందా, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ గానీ బీపీ గానీ వచ్చిందా.

ఆ చివరిదాని దగ్గర ఆగాను. వచ్చింది. రెండో కాన్పప్పుడు, పద్దెనిమిదేళ్ళ కిందట. బిడ్డ పుట్టగానే పోయింది, పోయిందని నేనూ మర్చిపోయాను. ఏ ఫారంలోనూ రాయలేదు, ఎవరూ అడగనూ లేదు. "అది పోయినా లెక్కలోంచి పోదమ్మా" అన్నారావిడ. గర్భంతో ఉండగా షుగర్ వచ్చినవాళ్ళకి తర్వాతి కాలంలో గుండెజబ్బు వచ్చే అవకాశం, రానివాళ్ళతో పోలిస్తే, దాదాపు రెండింతలట. ఆ తర్వాత జీవితంలో ఎప్పుడూ షుగర్ రాకపోయినా ఆ ముప్పు పూర్తిగా తీరదట.

"నాన్నగారు ఉన్నారా?"

"లేరండీ. గుండెపోటు."

"ఎన్నేళ్ళకి?"

"యాభై నాలుగు."

"షుగర్ ఉండేదా?"

"లేదండీ. ఆయనకీ బోర్డరే."

అనేశాక ఆ మాట నాకే వినబడింది. ఆవిడ తలెత్తి చూశారు గానీ దాని మీద ఏమీ అనలేదు. తెల్లకాగితం తీసుకుని ఒక గీత గీశారు. గీత మీద పరగడుపు షుగర్ 100 దగ్గర, అంటే బోర్డరు మొదలయ్యే చోట, ఒక చుక్క, డయాబెటిస్ అనే 126 దగ్గర ఇంకో చుక్క.

"మీరందరూ ఈ 126 దగ్గర గోడ ఉందనుకుంటారు. గుండెకి అలాంటి గోడేం లేదు."

ఆవిడ చెప్పింది నాకర్థమైనంతలో ఇది. షుగర్ పెరగడానికి చాలా ఏళ్ళ ముందే కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి. వినని పిల్లాడికి గొంతు పెంచి చెప్పినట్టు క్లోమం ఇంకాస్త ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. అందువల్ల రక్తంలో షుగర్ ఏళ్ళ తరబడి మామూలుగానో, కాస్త ఎక్కువగానో కనబడుతుంది. కానీ ఆ లోపల జరిగేది ఆగదు. కాలేయం కొవ్వుని రక్తంలోకి వదులుతూ ఉంటుంది, ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది, మూత్రపిండాలు ఉప్పుని పట్టి ఉంచుతాయి, బీపీ మెల్లగా ఎగబాకుతుంది, రక్తనాళాల లోపలి పొర దెబ్బ తింటుంది. షుగర్ మీటరులో నంబరు కనబడేసరికి మిగతా పని సగం అయిపోయి ఉంటుంది. ఇది కొత్త సంగతేమీ కాదట. 1990లోనే అమెరికాలో స్టీవెన్ హాఫ్నర్ బృందం, తర్వాత షుగర్ వచ్చినవాళ్ళ పాత రికార్డులు తిరగేసి, వాళ్ళకి షుగర్ రాకముందు నుంచే బీపీ, కొవ్వులు తేడాగా ఉన్నాయని చూపించింది.

ఇక్కడ ఒక పక్కమాట. ఈ బోర్డరు అనేది కూడా రాతి మీద గీత కాదు. 1997కి ముందు పరగడుపు షుగర్ 140 ఉంటేనే డయాబెటిస్ అనేవారు, ఆ ఏడాది దాన్ని 126కి దించారు. ప్రీడయాబెటిస్, అంటే మనం బోర్డరు అనేది, మొదలయ్యే అంకెని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2003లో 110 నుంచి 100కి దించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 110 దగ్గరే ఉండిపోయింది. అంటే 104 వచ్చిన మనిషి ఒక లెక్కలో బోర్డరు, ఇంకో లెక్కలో శుభ్రంగా మామూలు. మనుషులు పెట్టుకున్న గీత కాబట్టి మనుషులే జరుపుతారు. ఒంటికి ఆ సంగతి తెలియదు.

సరే, పరీక్షల చిట్టా రాసిచ్చారు. ఇంట్లో వారం రోజులు బీపీ చూసుకోవాలి, గ్లూకోజు తాగి చేసే పరీక్ష, లిపిడ్ ప్రొఫైల్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్, ఈసీజీ, జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు అనే లైపోప్రోటీన్-ఏ (వంశంలో వచ్చే ఒక రకం కొవ్వు). రక్తహీనత ఉందేమో కూడా చూడమన్నారు. ఐరన్ తక్కువైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించగలదట. నాకు హిమోగ్లోబిన్ బాగానే ఉంది, అంచేత ఆ సాకూ దక్కలేదు.

గ్లూకోజు పరీక్ష గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని ఎగ్గొడతారు. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా పొద్దున్నే వెళ్ళాలి. ముందు ఒకసారి రక్తం తీస్తారు. తర్వాత 75 గ్రాముల గ్లూకోజు కలిపిన గ్లాసెడు నీళ్ళు ఐదు నిమిషాల్లోగా తాగాలి. అంత తీపి పరగడుపున గొంతు దిగడం ఎంత కష్టమో తాగితేనే తెలుస్తుంది. సగానికే కడుపులో తిప్పింది. కక్కితే మళ్ళీ ఇంకో రోజు మొదట్నించీ రావాలని చెప్పి భయపెట్టారు కాబట్టి కళ్ళు మూసుకుని కానిచ్చాను. ఆ తర్వాత రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. నడవకూడదు, ఎందుకంటే నడిస్తే కండరాలు షుగర్ వాడేసుకుని లెక్క తగ్గిపోతుంది. (ఈ ముక్క తర్వాత నాకు బాగా పనికొచ్చింది.) రెండు గంటలకి నా అంకె 171. 140 లోపుంటే మామూలు, 200 అయితే డయాబెటిస్.

పరగడుపుది ఒక్కటే చూస్తే సరిపోదా అని అడిగాను. పరగడుపు షుగర్ ఎక్కువగా కాలేయం సంగతి చెప్తుంది, తాగాక రెండు గంటలది కండరాల సంగతి చెప్తుంది అన్నారు. యూరప్‌లో 25 వేల మందికి పైగా మనుషుల్ని పరిశీలించి 1999లో ప్రచురించిన డీకోడ్ అధ్యయనంలో, ఎవరు ముందుగా చనిపోతారన్నది పరగడుపు అంకెకంటే ఈ రెండు గంటల అంకే బాగా చెప్పిందట.

బీపీ వారం పెద్ద తతంగం. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. ముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తున. అరగంట ముందు నుంచీ కాఫీ లేదు. మొదటి రోజు రీడింగులు పక్కన పడేసి మిగతావాటికి సగటు తీయాలి. ఆస్పత్రి భయం వల్ల అక్కడ ఎక్కువ చూపించిందని నా గట్టి నమ్మకం. సగటు 136, 87 వచ్చింది. ఇంట్లో అయితే 135, 85 దాటితేనే బీపీ కింద లెక్క. కొద్దిలో దాటింది. మళ్ళీ బోర్డరే.

లిపిడ్ రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 228. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 148, ట్రైగ్లిజరైడ్లు 212, హెచ్‌డీఎల్ 38. ఆడవాళ్ళకి హెచ్‌డీఎల్ 50 ఉండాలి. దేనికది విడిగా చూస్తే ఏదీ గుండెలు బాదుకునేంత లేదు. షుగర్ కొంచెం, బీపీ కొంచెం, కొవ్వు కొంచెం. కానీ డాక్టరుగారు ఈ కొంచేలన్నీ ఒకే కాగితం మీద వరసగా రాసి, కింద నాన్న వయసు, నా కాన్పు నాటి షుగర్ కూడా రాసేసరికి, అది నా కాగితంలా అనిపించలేదు. ఎవరో బాగా జబ్బు మనిషిదిలా ఉంది.

ఈసీజీ మామూలుగానే ఉంది. ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించండి, అదయితే నాకు నిశ్చింతగా ఉంటుంది అని పట్టుబట్టాను. ఒప్పుకోలేదు. "మీకు నొప్పి లేదు, ఆయాసం లేదు. ట్రెడ్‌మిల్ పట్టుకునేది రక్తనాళం బాగా మూసుకుపోయాక. గుండెపోట్లు చాలావరకు అంత మూసుకోని చోట పూడిక చిట్లి వస్తాయి. అందులో పాసై మీరు హాయిగా పడుకుంటారు, అదే నా భయం" అన్నారు. దాని బదులు కాల్షియం స్కాన్ రాశారు. ఇంజెక్షన్ లేదు, రంగు మందు లేదు. సీటీ మిషన్‌లో పడుకుని కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టడమే. గుండె రక్తనాళాల గోడల్లో పేరుకున్న కాల్షియాన్ని లెక్కగట్టి ఒక అంకె ఇస్తారు. నా వయసు ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఆ అంకె సున్నా. నాది 34.

34 అంటే చిన్నదే. 400, 1000 ఉన్నవాళ్ళున్నారు. కానీ ఆ సాయంత్రం నుంచీ నాకు "బోర్డరు" అనే మాట నోటికి రావడం మానేసింది. షుగర్ ఇంకా రాలేదు, పూడిక మాత్రం వచ్చేసింది.

ఆ వారాంతంలో అమ్మ దగ్గరికెళ్ళి నాన్న ఫైలు అడిగాను. ఎందుకే ఇప్పుడు అంది గానీ తీసిచ్చింది. నాన్న పోయింది 2006లో. ఫైల్లో మూడు షుగర్ కాగితాలున్నాయి. 1995లో పరగడుపున 117. 2001లో 121. 2005లో 118. పదేళ్ళు ఆయన ఆ గీతకి ఇవతలే ఉన్నారు, ఎప్పుడూ దాటలేదు. మూడో కాగితం మూల పెన్సిల్‌తో నాన్న చేతిరాత: "బోర్డర్. తీపి తగ్గించాలి." తగ్గించారు కూడా, నాకు గుర్తుంది, నాన్న మాట మీద నిలబడే మనిషి. అదే కాగితం పైభాగంలో ఎవరో బీపీ రాశారు. 156, 98. దాని కింద గీత లేదు, మందు చీటీ లేదు, ఏమీ లేదు. కొలెస్ట్రాల్ పరీక్ష ఫైలు మొత్తంలో ఎక్కడా లేదు. ఆ రోజుల్లో ఎవర్నని ఏం అంటాం? అందరూ షుగర్ వైపే చూశారు, ఆయనతో సహా. నేను మాత్రం ఆ 156 వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అమ్మకి చెప్పలేదు.

తర్వాత నాకు లెక్కల పిచ్చి పట్టింది. దొరికిందల్లా చదివాను. ముందు భయపెట్టింది, తర్వాత కాళ్ళు నేల మీద ఆనించింది ఒకటే పరిశోధన. 2020లో బీఎంజే పత్రికలో వచ్చింది, 129 అధ్యయనాలు కలిపి చూశారు, మొత్తం కోటి మందికి పైగా మనుషులు. షుగర్ మామూలుగా ఉన్నవాళ్ళతో పోలిస్తే ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్ళలో ఏ కారణంతోనైనా మరణించే ముప్పు 13 శాతం, గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 15 శాతం ఎక్కువ. అప్పటికే గుండెజబ్బు ఉన్నవాళ్ళలో అయితే మరణాల ముప్పు 36 శాతం ఎక్కువ. పదమూడు శాతం అనగానే నాకు వందలో పదమూడు మంది పోతారన్నట్టు వినబడింది. అది కాదు. అదే పరిశోధనలో ఇంకో అంకె ఉంది: పదివేల మందిని ఒక ఏడాది గమనిస్తే అదనంగా చనిపోయేది ఏడుగురు, గుండె, రక్తనాళాల జబ్బు అదనంగా వచ్చేది తొమ్మిది మందికి దగ్గరగా. ఒక మనిషికి ఒక ఏడాదిలో అది చిన్న ముప్పే. నలభై ఆరేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళు కూడితే మాత్రం అంత చిన్నదేం కాదు. పైగా అది సగటు, అందులో నాన్న లేరు, నా 34 లేదు.

మందుల దగ్గర గొడవ పెట్టుకున్నాను. బీపీకి చిన్న మాత్ర అంటే సరేనన్నాను. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ అనేసరికి అడ్డం తిరిగాను, ఎందుకంటే అది షుగర్ కొంచెం పెంచుతుందని అప్పటికే చదివేశాను. బోర్డర్‌లో ఉన్నదాన్ని మీరే అవతలికి తోసేస్తారా అని అడిగాను, కాస్త కోపంగానే. ఆవిడ నొచ్చుకోలేదు. పెంచుతుంది, నిజమే అన్నారు. దాదాపు 17,600 మంది మీద చేసిన జూపిటర్ ప్రయోగం గురించి చెప్పారు. అందులో నాలాగా షుగర్ వచ్చే అవకాశం ఎక్కువున్నవాళ్ళని తీసుకుంటే, స్టాటిన్ వల్ల కొత్తగా 54 మందికి డయాబెటిస్ తేలిన చోట, 134 గుండెజబ్బు ఘటనలో మరణాలో తప్పాయి. షుగర్ తేలినవాళ్ళకి కూడా సగటున ఐదు వారాల ముందు తేలింది, అంతే. "వచ్చే షుగర్‌ని ఐదు వారాలు ఆలస్యం చేసుకోవడానికి గుండెని పణం పెడతారా?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మాత్ర మొదలుపెట్టాను. మొదటి నెల కాలి పిక్క పట్టేసినప్పుడల్లా స్టాటిన్ మీదే నెపం వేశాను, తర్వాత అది నడకదని తేలింది.

నడక అంటే గుర్తొచ్చింది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా అడిగాను నేను, మందులకి భయపడ్డ మనిషినే. కాన్పు షుగర్ చరిత్ర ఉన్నవాళ్ళకి అది బాగానే పనిచేస్తుంది, ఇవ్వచ్చు, ముందు ఆరు నెలలు కాళ్ళతో ప్రయత్నించండి అన్నారు. అమెరికాలో 3,234 మంది మీద చేసిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఫలితాలు 2002లో వచ్చాయి. వారానికి 150 నిమిషాల నడక, బరువులో 7 శాతం తగ్గడం అన్న లక్ష్యంతో చేసినవాళ్ళలో డయాబెటిస్ 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్‌తో 31 శాతం. నా 74 కిలోల్లో 7 శాతం అంటే ఐదు కిలోలు. ఏదో తపస్సు చేయక్కర్లేదు.

కానీ ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పారు. ఆ కార్యక్రమంలో ఉన్నవాళ్ళని 21 ఏళ్ళు గమనిస్తే, గుండెపోట్లలో, పక్షవాతాల్లో నడకవాళ్ళు, మెట్‌ఫార్మిన్‌వాళ్ళు, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళు అనే మూడు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మధ్యలో అందరికీ నడక శిక్షణ ఇచ్చారు, చాలామంది బీపీ, స్టాటిన్ మాత్రలు వాడారు, అందుకే తేడా చెరిగిపోయి ఉండొచ్చంటారు. చైనాలోని దాచింగ్ నగరంలో 1986లో 577 మందితో మొదలైన అధ్యయనంలో మాత్రం, ఆరేళ్ళపాటు ఆహారం, వ్యాయామం మార్చుకున్నవాళ్ళలో ముప్ఫై ఏళ్ళ తర్వాత చూస్తే గుండెజబ్బు మరణాలు 33 శాతం తక్కువ, డయాబెటిస్ సగటున దాదాపు నాలుగేళ్ళు ఆలస్యం. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని నేను తీసుకున్నది ఒకటే: నడక మాత్రకి బదులు కాదు, మాత్ర నడకకి బదులు కాదు.

గ్లూకోజు పరీక్ష రోజున నడవద్దన్నారు కదా, దాన్నే తిరగేశాను. భోజనం కాగానే పదిహేను నిమిషాలు నడవడం మొదలుపెట్టాను. కదిలే కండరం ఇన్సులిన్ పిలుపు కోసం చూడకుండానే షుగర్‌ని లాక్కుంటుంది. పళ్ళెంలో పిండి పదార్థం సగానికి తగ్గించి ఆ చోటు కూరగాయలకిచ్చాను. వారానికి రెండు రోజులు చిన్న బరువులెత్తాను, భుజం ఒప్పుకున్నంత మేర. మూడో నెలలో విసుగొచ్చి పదిరోజులు అన్నీ వదిలేశాను, ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే చెప్తున్నాను.

ఏడు నెలలకి 69 కిలోలు. ఎల్‌డీఎల్ 71, ట్రైగ్లిజరైడ్లు 140, బీపీ ఇంట్లో 122, 78. హెచ్‌బీఏ1సీ 5.8. పరగడుపున 106. రిపోర్టు ఇచ్చిన అమ్మాయి మళ్ళీ అదే మాటంది, బోర్డర్‌లో ఉందండీ అని. డాక్టరుగారు ఈసారి కూడా ముందు బీపీయే చూశారు. మందులు ఆపేయచ్చా అంటే, వాటివల్ల వచ్చిన అంకెల్ని చూసి వాటినే ఆపేస్తారా అని నవ్వారు. స్కాన్ మళ్ళీ ఇప్పట్లో వద్దన్నారు, స్టాటిన్ వాడుతుంటే పూడిక గట్టిపడి ఆ అంకె పెరిగినట్టు కూడా కనబడొచ్చు, అది చూసి నేను ఉత్తపుణ్యానికి హడలిపోతానని.

తమ్ముడికి నలభై రెండు. పరీక్షలు చేయించుకోరా అని నెల రోజులు వెంటపడితే పోయిన వారం వెళ్ళాడు. సాయంత్రం ఫోన్ చేశాడు, గొంతులో హమ్మయ్య వినబడుతోంది.

"అక్కా, షుగర్ లేదట. బోర్డరేనట."

"బీపీ ఎంతుందిరా?" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. కాగితం తిరగేస్తున్న చప్పుడు వినబడింది.